కటకం – కవచం

పాఠ్యభాగ సందర్భం: ఆధునిక సాంకేతిక విషయాన్ని తెలుగు వచనంలో వివరించిన వ్యాసమిది. సముద్రగర్భంలో ఛాయాచిత్రాలు తీయదలచినవారు క్రాప్ సెన్సార్ కెమెరాకు ఎటువంటి కటకాన్ని, ఎటువంటి కవచాన్ని ఎన్నుకోవాలి, ఆ ఎంపికకు ఆధారాలేమిటి అన్నది ఇందులోని విషయం.

క్రీ.శ. 1856లో ఇంగ్లండు దక్షిణతీరాన ఉన్న వేమత్ అఖాతంలో విలియం థాంప్సన్ అనే న్యాయవాది ఒక సాహసం చేశాడు. కెమెరాను పెట్టెలో బిగించి పడవ మీదినుండి సముద్రంలోకి దించాడు. నీటి ఒత్తిడికి ఉప్పునీరు పెట్టెలోకి చొరబడింది. అయినప్పటికీ ఫలకం మీద రాళ్ల ఆకారాలు, నాచుమొక్కల ఆకారాలు మసకమసకగా నిలిచాయి. నీటి అడుగున తీసిన మొదటి ఛాయాచిత్రంగా దానిని పేర్కొంటారు. చిత్రం దక్కింది గాని అందులో స్పష్టత లేదు. పెట్టె దిగింది గాని నీటిని ఆపలేదు. నేటికీ జలగర్భ ఛాయాగ్రాహకుణ్ణి వెంటాడే చిక్కులు ఈ రెండే. మొదటిది కటకానికి సంబంధించినది, రెండవది కవచానికి సంబంధించినది.

ఆ తరువాత 1893లో లూయీ బూటాన్ అనే ఫ్రెంచి జీవశాస్త్రవేత్త మధ్యధరా సముద్రతీరాన బాన్యుల్స్ అనే ఊరిలోని పరిశోధనాలయంలో ఈ పనిని శాస్త్రీయంగా చేపట్టాడు. ఆయన సోదరుడు కెమెరాకు తగిన పెట్టెను రూపొందించాడు. ఒక్కొక్క చిత్రానికి అరగంట వరకు వేచి ఉండవలసి వచ్చిన సందర్భాలున్నాయి. 1926లో అమెరికాలోని ఫ్లారిడా సమీపాన లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు మెగ్నీషియం పొడిని నీటిపై మండించి, ఆ వెలుగులో రంగుల చిత్రాలు తీశారు. అటుపిమ్మట 1960 ప్రాంతంలో కాలిప్సో అనే కెమెరా, దాని వారసురాలిగా 1963లో నికానోస్ అనే కెమెరా వెలువడ్డాయి. ఇవి తమంతట తామే నీటిని నిరోధించేవి. కర్ణుడు కవచంతో పుట్టినట్లు నికానోస్ కూడా కవచంతోనే పుట్టినదనవచ్చును. 2001లో దాని తయారీ నిలిచిపోయింది. నేడు నీటిలోకి దిగే కెమెరాలలో అత్యధికం నేలమీద వాడటానికి పుట్టినవే. వాటికి కవచాన్ని వేరుగా తొడగాలి.

ఆ కవచాన్నే వ్యవహారంలో హౌసింగు అంటారు. దాని ముందుభాగంలో కటకానికి ఎదురుగా ఉండే పారదర్శకమైన కిటికీ పోర్టు. ఇక లెన్స్ అన్న మాటకు మన శాస్త్రగ్రంథాలు కటకమనే పేరును స్థిరపరచాయి. ప్రాచీన కావ్యాలలో కటకమంటే చేతి కంకణం, రాజధాని, సేన అనే అర్థాలు కనబడతాయి. గుండ్రని గాజుబిళ్లకు ఆ పేరు ఎట్లా అబ్బినా, చెవికి ఇంపుగానే ఉన్నది.

క్రాప్ సెన్సార్ అంటే ఏమిటో ముందుగా తెలుసుకోవాలి. పాత ఫిల్ము చట్రం కొలత 36 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. అంతటి సెన్సార్ గల కెమెరాను ఫుల్ ఫ్రేమ్ అంటారు. క్రాప్ సెన్సార్ వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు, ఎత్తు 15.6 మిల్లీమీటర్లు, కానన్ సంస్థవి మరికాస్త చిన్నవి. కటకం చూపే దృశ్యంలో అంచులు కోతకు గురై నడిమి భాగమే సెన్సార్ మీద పడుతుంది. కావున 10 మిల్లీమీటర్ల కటకం ఇక్కడ ఫుల్ ఫ్రేమ్‌లోని 15 మిల్లీమీటర్ల కటకం చూపినంత మేరనే చూపుతుంది. 60 మిల్లీమీటర్ల కటకం 90 మిల్లీమీటర్లదానివలె పనిచేస్తుంది. ఈ గుణకం నికాన్, సోనీ, ఫ్యూజీ కెమెరాలలో 1.5, కానన్ కెమెరాలలో 1.6. దీనిని చిన్నతనంగా భావించి, పెద్ద సెన్సార్ కొనలేకపోతిమే అని చింతించేవారు ఉన్నారు. నీటి అడుగున ఆ చింతకు అంతగా తావులేదన్న సంగతి ముందు ముందు తేలుతుంది.

సాధారణంగా కొనేవారు ముందు కెమెరాను, పిదప దానికి సరిపడే హౌసింగును, చివరకు మిగిలిన డబ్బుతో ఏదో ఒక కటకాన్ని కొంటారు. ఈ వరుస తలకిందులు. నీటిలో చిత్రపు యోగ్యతను నిర్ణయించేది మొదట ఛాయాగ్రాహకునికి, వస్తువుకు నడుమ ఉన్న నీరు. తరువాత పోర్టు, ఆ తరువాత కటకం, అన్నిటికంటె చివర కెమెరా. ఏ ప్రాణిని, ఎంత దూరం నుండి తీయదలచినదీ ముందు నిశ్చయించుకొంటే కటకం తేలుతుంది. కటకాన్నిబట్టి పోర్టు, పోర్టునుబట్టి హౌసింగు తేలుతాయి.

పాండవుల మయసభలో దుర్యోధనుడు నీటిని నేలగా, నేలను నీటిగా భ్రమించి నగుబాటు పాలైన కథ అందరికీ తెలిసినదే. కాంతి కూడా నీటినుండి గాలిలోకి వచ్చేటప్పుడు అట్లాగే మోసగిస్తుంది. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. హౌసింగు లోపల ఉన్నది గాలి, వెలుపల ఉన్నది నీరు. పోర్టు చదునైన పలక అయితే దానిగుండా చూసిన వస్తువు ఉన్న దూరంలో నాల్గింట మూడువంతుల దూరంలోనే ఉన్నట్లు, మూడింట ఒక వంతు పెద్దదిగా ఉన్నట్లు తోస్తుంది. చిన్నచిన్న ప్రాణులను తీసేవారికి ఇది వరమే. కాని విశాలదృశ్యాన్ని పట్టదలచినవారికి శాపం. చదును పోర్టు గుండా ఎంతటి కటకమైనా సుమారు 97 డిగ్రీలకు మించి చూడజాలదు. ఆ మేరలో కూడా అంచులు సాగిపోయి, తెల్లని వస్తువుల చుట్టూ రంగుల జరీ ఏర్పడుతుంది.

దీనికి విరుగుడు అర్ధగోళాకారంలో ఉండే డోమ్ పోర్టు. కిరణాలు దాని ఉపరితలాన్ని దాదాపు నిటారుగా తాకుతాయి గనుక వంగవు. దృశ్యపు మేర కుంచించుకుపోదు. అయితే ఇక్కడ మరొక విచిత్రం జరుగుతుంది. నీటిలో డోము తానే ఒక కటకంగా మారి, ఎదుటి దృశ్యపు మిథ్యాప్రతిబింబాన్ని తనకు అతి సమీపంలో నిలుపుతుంది. ఎంతో దూరాన ఉన్న వస్తువు ప్రతిబింబం కూడా డోము వ్యాసార్ధానికి మూడురెట్ల దూరంలోనే ఏర్పడుతుంది. పది సెంటీమీటర్ల వ్యాసార్ధం గల డోము ముందు ఇరవై మీటర్ల దూరాన ఒక ఓడ ఉన్నదనుకొందాం. కెమెరా ఆ ఓడను ముప్పై సెంటీమీటర్ల లోపల వెతుక్కోవాలి. ఐదు సెంటీమీటర్ల డోము అయితే పదిహేను సెంటీమీటర్ల లోపలే. అంత దగ్గరకు ఫోకస్ చేయలేని కటకం నేలమీద ఎంత గొప్పదైనా నీటిలో పనికిరాదు. కటకం కొనేటప్పుడు దాని కనీస ఫోకస్ దూరం ఎంత అన్నది మొదటి ప్రశ్న కావాలి. దుకాణదారు ఈ విషయాన్ని తనంతట తానుగా చెప్పడం అరుదు.

పైగా ఆ మిథ్యాప్రతిబింబం చదునుగా ఉండదు, గిన్నెవలె వంపు తిరిగి ఉంటుంది. నడిమి భాగం స్పష్టంగా ఉన్నప్పుడు మూలలు మసకబారుతాయి. ద్వారాన్ని చిన్నది చేసి, అంటే ఎఫ్ సంఖ్యను పెంచి, ఈ దోషాన్ని తగ్గించాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు ఎఫ్ 11 నుండి ఎఫ్ 16 వరకు పోవలసినచోట క్రాప్ సెన్సార్‌కు ఎఫ్ 8 నుండి ఎఫ్ 11 చాలును. తక్కువ వెలుతురుతో పని జరుగుతుంది, చిన్న డోముతో సరిపెట్టుకోవచ్చును. ముందు చెప్పిన చింతకు తావులేదన్నది ఇందువల్లనే.

విశాలదృశ్యాలకు క్రాప్ కెమెరా వాడేవారిలో ఎక్కువమంది చేరుకొనే చోటు ఫిష్‌ఐ కటకం. చేప నీటిలోనుండి పైలోకాన్ని చూసే తీరును అనుసరించి అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1906లో ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు. చేపకన్ను మళ్లీ చేపల మధ్యకే చేరడం ఉచితమే. 2006లో వచ్చిన టోకినా సంస్థ 10–17 మిల్లీమీటర్ల ఫిష్‌ఐ క్రాప్ సెన్సార్ కోసమే రూపొందినది. 10 వద్ద మూల నుండి మూలకు 180 డిగ్రీల దృశ్యాన్ని చూపుతుంది. 17 వైపు తిప్పితే మేర తగ్గుతుంది. సెన్సార్ నుండి 14 సెంటీమీటర్ల దూరంలోని వస్తువును కూడా ఫోకస్ చేయగలదు. ఫుల్ ఫ్రేమ్ కోసం చేసిన 15, 16 మిల్లీమీటర్ల ఫిష్‌ఐని క్రాప్ కెమెరాకు తగిలిస్తే అంచులు కోతకుపోయి ఆ విశాలత దక్కదు. ఇది తెలియక పాత కటకాన్ని పెట్టి నిరాశపడినవారున్నారు.

ఫిష్‌ఐ సరళరేఖలను వంచి చూపుతుంది కదా అన్న సందేహం కలుగవచ్చు. సముద్రంలో సరళరేఖలు ఎక్కడివి? పగడపు దిబ్బ వంకరే, చేపల గుంపు వంకరే. వంపు కనబడదు. మునిగిన ఓడల విషయంలో మాత్రం ఆలోచించాలి. ఎర్రసముద్రంలో ఈజిప్టు తీరానికి సమీపంగా థిసిల్‌గార్మ్ అనే బ్రిటిష్ సరుకుల ఓడ సుమారు 30 మీటర్ల లోతున పడి ఉన్నది. 1941 అక్టోబరు 6న జర్మన్ విమానాల బాంబులకు అది మునిగింది. పొడవు 126 మీటర్లు. దాని గదులలో సైన్యానికి చేరవలసిన మోటారు సైకిళ్లు, ట్రక్కులు నేటికీ ఉన్నాయి. ఓడ అంతటినీ ఒకే చిత్రంలో పట్టడానికి వెనుకకు జరుగుతూపోతే మధ్యలో చేరిన నీటి పొరలు దానిని నీలిపొగగా మార్చివేస్తాయి. ఒక మోటారు సైకిలుకు చేరువగా, చేయి చాచినంత దూరంలో నిలిచి ఫిష్‌ఐతో తీస్తే చక్రపు కమ్మీలు, వాటిపై పెరిగిన జీవజాలం, వెనుక గదిగోడ, అన్నీ కనబడతాయి. గోడలు నిటారుగానే కనిపించాలనే పట్టుదల ఉంటే 10 మొదలు 20 మిల్లీమీటర్ల మామూలు విశాలకటకం వాడవచ్చు. దానికి పెద్ద డోము అవసరం. మూలలు మసకబారడం కూడా ఎక్కువ. ఫిష్‌ఐకి పది సెంటీమీటర్ల వ్యాసం గల చిన్న డోము సరిపోతుంది. మొదటిసారి కొనేవారికి ఫిష్‌ఐయే మేలు.

చేరువగా పోవాలన్న నియమానికి రంగు కూడా కారణమే. నీరు ముందుగా ఎరుపును మింగుతుంది. ఐదారు మీటర్ల నీటిని దాటేసరికి ఎర్రని చేప బూడిదరంగుకు తిరుగుతుంది. ఈ ఐదారు మీటర్లు లోతు మాత్రమే కాదు, అడ్డంగా ఉన్న దూరం కూడా. ఫ్లాష్ వెలుగు వస్తువు దాకా పోయి తిరిగి కెమెరాకు రావాలి గనుక దారి రెట్టింపవుతుంది. అందువలన ఒక మీటరుకు మించిన దూరంలో ఫ్లాష్ నిజమైన రంగులను తేలేదు.

ఇక సూక్ష్మప్రాణుల సంగతి. 1969లో న్యూ కలెడోనియాలోని నూమియాలో జార్జ్ బార్జిబాన్ అనే ఉద్యోగి ప్రదర్శనశాల కోసం తెచ్చిన ఒక విసనకర్ర పగడపు కొమ్మను పరిశీలిస్తూ దాని మీద రెండు చిన్ని సముద్రాశ్వాలను గుర్తించాడు. వాటి రంగు, ఒంటిమీది బుడిపెలు ఆ పగడాన్నే పోలి ఉండటం వలన అంతవరకు ఎవరి కంటా పడలేదు. ఆయన పేరే వాటికి పెట్టారు. పెరిగిన ప్రాణి సైతం 2.4 సెంటీమీటర్లకు మించదు. మాక్రో కటకాన్ని నిజపరిమాణం వరకు ఫోకస్ చేసినప్పుడు క్రాప్ సెన్సార్ చూసే చట్రం దాదాపు అంతే; అంటే ప్రాణి చట్రాన్ని నింపుతుంది. అదే కటకంతో ఫుల్ ఫ్రేమ్ కెమెరా 36 మిల్లీమీటర్ల మేర చూపుతుంది గనుక చుట్టూ ఖాళీ మిగులుతుంది. కోత ఇక్కడ లాభంగా మారినది.

మాక్రో కటకాలలో 60, 105 మిల్లీమీటర్ల రకాలు ప్రసిద్ధమైనవి. 60 అయితే నిజపరిమాణం దగ్గర ప్రాణి పోర్టుకు కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. చేపలకు, పీతలకు, మందమైన నీటికి అది చక్కగా పనిచేస్తుంది. ఫోకస్ కూడా త్వరగా దొరుకుతుంది. 105 మరికొంత ఎడం ఇస్తుంది, పిరికిప్రాణిని బెదరనివ్వదు. క్రాప్ కెమెరా మీద మాత్రం దాని దృష్టి మిక్కిలి ఇరుకు. కదులుతున్న నీటిలో ఊగుతూ ఆ ఇరుకు కిటికీలో రెండు సెంటీమీటర్ల ప్రాణిని నిలుపుకోవడం ఏకాగ్రతకు పరీక్ష. నేర్చుకొనే దశలో 60తో ఆరంభించడం శ్రేయస్కరం. ఈ కటకాలకు చదును పోర్టు చాలు. అది చౌక, తేలిక కూడా.

చిక్కల్లా ఒక్కచోట ఉన్నది. హౌసింగును మూసి నీటిలోకి దిగాక కటకాన్ని మార్చే వీలు లేదు. సూక్ష్మప్రాణుల కోసం 105 బిగించుకొని దిగినవాని తలపై నుండి పది మీటర్ల వేల్ షార్క్ పోవచ్చు. చేతిలోని కెమెరాకు దాని చర్మం మీది ఒక మచ్చ మాత్రమే అందుతుంది. ఫిష్‌ఐతో దిగినవానికి చిన్ని సముద్రాశ్వం ఒక చుక్కగా మిగులుతుంది. పోర్టు వెలుపల నీటిలోనే తగిలించి తీయగల అదనపు కటకాలున్నవి. మాక్రోకు అవి కొంత తోడ్పడతాయి గాని విశాలదృశ్యానికి డోము ముందు పనిచేయవు. నిర్ణయం పడవ మీదనే జరగాలి. అందుకు కెమెరా పుస్తకం కంటె ఆ చోటు నెరిగిన మార్గదర్శి మాట ఎక్కువ ఉపయోగం. ఇండోనేషియాలోని లెంబె జలసంధిలో నల్లని ఇసుక, వింతైన చిన్నప్రాణులు ఉంటాయి, అక్కడ మాక్రో. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపం వద్ద నీరు తేటగా ఉన్న దినాన ఫిష్‌ఐ. విశాఖపట్నం రుషికొండ వద్ద కూడా స్కూబా ఈత సాగుతున్నది. నదులు తెచ్చే ఒండ్రుతో తూర్పుతీరపు నీరు మసకబారే రోజులలో అక్కడ దూరపు దృశ్యాల ఆశ విడిచి, మాక్రో కటకంతో దిగడమే వివేకం.

ఈ ఎంపిక వట్టి వేడుక కోసం కాదు. 2010లోను, 2016లోను సముద్రజలం వేడెక్కి అండమాన్ పగడపు దిబ్బలు పెద్దయెత్తున తెల్లబారాయి. అంతకు మునుపు అవి ఏ రంగులో, ఎంత దట్టంగా ఉండేవో తరువాతివారికి చూపగలిగినది తేదీ వేసిన ఛాయాచిత్రమే. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకు, సముద్రాశ్వాలకు రక్షణ కల్పించినది. వాటిని పెకలించి తేకూడదు. వాటి రూపాన్ని మాత్రమే తేవచ్చు. ఆ రూపం కోసం బరువైన కెమెరాతో తూలి, మోకాలితో దిబ్బను విరిచేవారి చిత్రాన్ని మెచ్చుకోవలసిన పనిలేదు. నీటిలో నిలకడగా తేలడం నేర్వనివారికి ఏ కటకమూ అక్కరలేదు.

ఇక కవచం. నీటిలో పది మీటర్లు దిగిన ప్రతిసారీ ఒక వాతావరణపు పీడనం అదనమవుతుంది. ముప్పై మీటర్ల వద్ద ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు మూడు కిలోల భారం. పది సెంటీమీటర్ల వ్యాసార్ధం గల డోమును ఆ లోతులో సముద్రం సుమారు తొమ్మిదివందల కిలోల బలంతో నెడుతూ ఉంటుంది. థాంప్సన్ పెట్టెలోకి నీరు రావడంలో ఆశ్చర్యమేమున్నది?

హౌసింగులు ముఖ్యంగా రెండు రకాలు. పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌తో చేసినవి పారదర్శకంగా ఉంటాయి, ధర తక్కువ. ఐకెలైట్ సంస్థవి ఇటువంటివి. 60 మీటర్ల లోతు వరకు తట్టుకొంటాయి. వినోదపు ఈతకు పరిమితి 40 మీటర్లే గనుక అది చాలును. లోపలికి చుక్క నీరు వస్తే కంటికి కనబడటం వీటిలోని మేలు. ప్లాస్టిక్ వేడిని త్వరగా వదలదు. కెమెరా వేడెక్కి, వెలుపలి నీరు చల్లగా ఉంటే పోర్టు లోపలివైపు ఆవిరి పడుతుంది. సిలికా జెల్ పొట్లం పెట్టి, ఏసీ గదిలోని పొడిగాలిలో మూసుకోవడం దీనికి ఉపాయం. నౌటికామ్, సబాల్ వంటి సంస్థల అల్యూమినియం హౌసింగులు దృఢమైనవి, చిన్నవి. వాటి మీటలు వేళ్లకు అందుబాటులో ఉంటాయి. ధర మాత్రం కెమెరా ధరను తేలికగా మించిపోతుంది.

ప్రతి హౌసింగు ఒకే నమూనా కెమెరాకు సరిపోతుంది. మీట ఒక్కటి అటు జరిగినా కొత్త కెమెరా పాత కవచంలో ఇమడదు. నికాన్ డి500 అనే క్రాప్ కెమెరా 2016లో వచ్చింది. 2022లో తయారీ నిలిచింది. అటువంటి కెమెరాకు వాడిన హౌసింగు చౌకగా దొరికితే సందేహించక కొనవచ్చు. కటకాలు, పోర్టులు అదే సంస్థ హౌసింగులలో తరువాత కూడా పనికివస్తాయి. అయితే ఈ నమూనాలో లోపల ఫ్లాష్ లేదు. వెలుపలి ఫ్లాష్‌ను ఆప్టికల్ తీగ ద్వారా వెలిగించాలంటే హౌసింగులో వేరొక పరికరం అమర్చాలి. ఇట్టి వివరాలను విచారించక తక్కువ ధర చూసి తొందరపడినవారు పిమ్మట రెట్టింపు వ్యయం చేస్తారు. కటకాన్ని డోము కేంద్రానికి సరిగా నిలిపే ఎక్స్‌టెన్షన్ రింగు, జూమ్ తిప్పడానికి పళ్లచక్రం కూడా లెక్కలో చేర్చుకోవాలి.

ఇంత ఖరీదైన కవచాన్ని కాపాడేది చివరకు ఒక రబ్బరు వలయం. ఓ రింగు అనే ఆ వలయం మీద ఒక వెంట్రుక, ఒక ఇసుకరేణువు, తువ్వాలు నూలుపోగు పడితే చాలు, నీటికి దారి దొరుకుతుంది. లోతులోనే ప్రమాదమని చాలామంది తలుస్తారు. లోతులో పీడనమే వలయాన్ని నొక్కి బిగిస్తుంది. ఉపరితలం దగ్గర, పడవనుండి దూకిన తొలిక్షణాలలో, కారడానికి ఎక్కువ అవకాశం. కావున మూసేముందు వలయాన్ని వేలితో తడిమి చూసి, పలుచగా గ్రీజు రాయాలి. దట్టంగా రాస్తే ధూళి అంటుకొంటుంది. కొత్త హౌసింగును మొదట కెమెరా లేకుండా, లోపల పొడి కాగితం పెట్టి ముంచి చూడటం మంచిది. ఇటీవలి హౌసింగులకు చిన్న పంపు కూడా ఉన్నది. దానితో లోపలి గాలిని కొంత లాగివేస్తారు. శూన్యం నిలిచి ఉంటే ఆకుపచ్చ దీపం, సడలితే ఎర్రదీపం. డబ్బు చాలనప్పుడు రెండవ కటకాన్నయినా వాయిదా వేయవచ్చు గాని ఈ పరికరాన్ని వదలరాదు.

పైకి వచ్చిన పిదప హౌసింగును మూసి ఉంచే మంచినీటి తొట్టిలో నానబెట్టి, మీటలన్నిటినీ నొక్కుతూ ఉప్పును కడగాలి. తుడిచిన తరువాతనే తెరవాలి. వెనుక తలుపు అంచున దాగిన నాలుగు చుక్కలు కెమెరా మీద పడకుండా చూసుకోవాలి.